అల్లుడూ, స్కోరు ఆ రాత్రే రాసుకో

అల్లుడూ,

మన ఫుట్‌బాల్ క్లబ్ సెక్రటరీ పని నీకు అప్పజెప్పిన్రని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, మస్తు సంతోషమైంది. ముప్పై ఏళ్లకు పైగ ఆ పని చేసినోణ్ణి కాబట్టి రాస్తున్న, ఫోన్ల చెప్తె ఊ ఊ అని మర్చిపోతవు. గ్రౌండ్ బుకింగ్, బాల్స్, జెర్సీలు, రెఫరీ ఫీజు, మ్యాచ్ అయినంక పిల్లలకు అరటిపండ్లు, ఇవన్నీ నీకు అవే వస్తయి, ఏది తప్పినా ఎవరో ఒకరు అరుస్తరు. ఎవ్వరూ అరవని పని ఒకటుంది, రిజల్ట్స్ రాసిపెట్టుడు. ఈ ఉత్తరం దాని గురించే.

మ్యాచ్ అయిన రాత్రే రాయాలె. పొద్దున రాస్తలే అనుకుంటె డ్యూటీకి పోతవు, మూడో రోజుకు రెండో గోల్ ఎవరు కొట్టిన్రంటె ఇద్దరు ముగ్గురు నేనే అంటరు. తేదీ, గ్రౌండ్, హాఫ్‌టైం స్కోరు, ఫైనల్ స్కోరు, పదకొండు మంది పేర్లు, ఎవరి బదులు ఎవరు దిగిన్రు, గోల్ కొట్టినోడు, ఏ నిమిషం, బాల్ ఇచ్చినోడు, కార్డులు, రెఫరీ పేరు. వాన పడితె అదీ రాయి. 0-6తో ఓడిపోయిన రోజు రాయబుద్ధి కాదు, నాకు తెలుసు, ఆ రోజే ఎక్కువ ఓపికగ రాయాలె, ఎందుకంటె మన లెక్క టీమ్‌కు సీజన్‌ల సగం అసొంటి రోజులే ఉంటయి, అవి తీసేస్తె ఇగ మిగిలేదేంది.

నా తప్పు ఒకటి చెప్తా విను. మొదట్ల కొన్నేండ్లు నేను ఉత్త స్కోరే రాసిన, 2-1 గెలిచినం, 1-1 డ్రా, అంతే. మొన్నామధ్య ఒక పిలగాడు ఇంటికొచ్చిండు, వాళ్ల నాయిన మన దగ్గర లెఫ్ట్ వింగ్ ఆడెటోడు, పోయి ఏడాదైందట. అంకుల్, మా డాడీ మొత్తం ఎన్ని గోల్స్ కొట్టిండు అని అడిగిండు. రిజిస్టర్లు ముందల వేసుకొని రెండు గంటలు కూసున్నం. ఆయన కొట్టిన గోల్స్ నా కండ్ల ముందు ఉన్నయి, కార్నర్ నుంచి ఎట్ల ఒంగి లోపలికి పోయేదో చెయ్యితోటి చూపించిన గానీ, కాగితం మీద పేరు దొరికింది నాలుగు చోట్లనే. ఆ పిలగాడు నాలుగూ ఫోటో తీస్కొని పోయిండు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలే.

మన హైదరాబాద్ పెద్ద ఫుట్‌బాల్ సిటీ అని అందరికి చెప్పుకుంటం. రహీం సాబ్ కోచింగ్‌ల సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరుసగ ఐదు సార్లు బొంబాయిల రోవర్స్ కప్ గెలిచింది, 1962ల ఆయన కోచ్‌గ ఇండియా జకార్తాల ఏషియన్ గేమ్స్ గోల్డ్ కొట్టింది, మన అమ్ముగూడ బలరాం ఆ టీమ్‌ల ఉండె. అవి పెద్ద మ్యాచులు, పేపర్లు రాసుకున్నయి. గచ్చిబౌలిల 2024 డిసెంబర్ 31న రాష్ట్రాల టీమ్‌లు ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ చూసినవు కదా, ఇంజ్యూరీ టైంల రోబి హన్సదా కొడితె బెంగాల్ 1-0తో కేరళ మీద గెలిచింది, అది యాభై ఏండ్ల తర్వాత ఎవరు వెతికినా దొరుకుతది. మన రహీం లీగ్‌ల కింది డివిజన్ మ్యాచ్‌కు పేపరోళ్లు రారు, టీవీ రాదు. నువ్వు రాయకుంటె అది జరగనట్టే.

ఇంకోటి, కార్డుల లెక్క వేరే పేజీల పెట్టుకో, పిలగాని పేరు ఎదురుంగ. ఎన్ని ఎల్లో కార్డులకు ఒక మ్యాచ్ ఆగాలెనో సీజన్ మొదలుగాకముందే లీగోళ్లను అడిగి ఆ పేజీ పైననే రాసుకో. ఒక ఏడాది ఆగాల్సిన డిఫెండర్‌ను నేను చూసుకోక దింపిన, గెలిచినం, అవతలోళ్లు ప్రొటెస్ట్ ఇచ్చిన్రు, మూడు పాయింట్లు పోయినయి, ఆ మూడు పాయింట్లతోనే కింది డివిజన్‌కు దిగినం. ఆ పిలగాడు తన వల్లనే అని ఏడ్చిండు, తప్పు నాది. రూల్స్ అడిగేటప్పుడే ఇదీ అడుగు, ఇద్దరికి పాయింట్లు సమానమైతె ముందుగాల గోల్ తేడా చూస్తరా, ఆ ఇద్దరు ఆడిన మ్యాచ్ చూస్తరా. చివరి మ్యాచ్ ఎట్ల ఆడాలెనో దాని మీదనే ఉంటది, గోల్ తేడా అయితె 3-0 ఉన్నా ఇంకోటి కోసం ఉరకాలె. అవతలోళ్లు రాక వాకోవర్ వస్తె లీగ్ ఇచ్చిన స్కోరు రాసి పక్కన ఆడలేదు అని రాయి, లేకుంటె రేపు ఎవరో ఆ గోల్స్ కూడ లెక్కేస్తరు.

పాయింట్స్ టేబుల్ వాట్సాప్ గ్రూప్‌ల వచ్చింది నమ్మకు, నువ్వే వేసుకో. సరిచూసుకునుడు అలకనే. పది టీమ్‌లు ఒకరితోటి ఒకరు ఒక్కసారి ఆడితె 45 మ్యాచులు, గెలుపుకు 3, డ్రాకు చెరొకటి, అంటె అందరి పాయింట్లు కలిపితె 45 మూళ్లు 135ల నుంచి ఎన్ని డ్రాలైతె అన్ని తీసెయ్యాలె, తొమ్మిది డ్రాలుంటె 126 రావాలె. కొట్టిన గోల్స్, పడిన గోల్స్ మొత్తాలు సమానం రావాలె. రాకుంటె ఎక్కడనో ఒక స్కోరు తారుమారైంది, అది దొరికేదాక లేవకు.

ఫోన్‌ల కూడ ఎక్కించుకో, వద్దనను, కానీ ముందు పుస్తకంల బాల్‌పెన్నుతోటి రాయి. జెల్ పెన్ను వద్దు, ఒక వానాకాలం సీజన్ మొత్తం నీలం మరకలైంది నాకు.

నా పాత రిజిస్టర్లు అటక మీదికెళ్లి దింపించి పెట్టిన, రెండు గోనెసంచులైనయి. ఆదివారం మ్యాచ్ లేదు కదా, పొద్దున్నే రా, బైక్ మీద పట్టవు, ఆటో మాట్లాడుకొని రా. అత్త నీ కోసం సర్వపిండి చేస్తనంటుంది.

మీ మామ