కర్ణాటకలో రిజిస్టరైన నర్సు తెలంగాణలో ఉద్యోగంలో చేరవచ్చా?

సందేహం: మాది నల్గొండ జిల్లా. బెంగళూరులో బీఎస్సీ నర్సింగ్ చదివి, కర్ణాటక రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకుని కొంతకాలం అక్కడే పనిచేశాను. పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చాను. ఇక్కడి ఒక ప్రైవేటు ఆసుపత్రివారు ముందు డ్యూటీలో చేరమని, రిజిస్ట్రేషన్ సంగతి తర్వాత చూసుకోవచ్చని అంటున్నారు. ఎన్‌యూఐడీ నంబరు ఉంటే చాలని స్నేహితురాలు చెబుతోంది. ఏం చేయాలి?

సమాధానం: మీ డిగ్రీ చెల్లుబాటు కర్ణాటక సరిహద్దు దగ్గర ఆగిపోదు. భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం, 1947లోని 11వ సెక్షన్ ప్రకారం, గుర్తింపు పొందిన అర్హత ఏ రాష్ట్ర రిజిస్టరులోనైనా పేరు నమోదు చేయించుకోవడానికి సరిపోతుంది. కాబట్టి మీరు మళ్లీ చదవాల్సిన అవసరం లేదు. అయితే అర్హత ఉండటం వేరు, ఇక్కడి రిజిస్టరులో పేరు ఉండటం వేరు. కర్ణాటకలో చేయించుకున్న రిజిస్ట్రేషన్ దానంతటదే తెలంగాణకు బదిలీ కాదు. మీరే తెలంగాణ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌కు దరఖాస్తు చేసుకోవాలి. దీన్నే రెసిప్రొకల్ రిజిస్ట్రేషన్ అంటారు.

ఎన్‌యూఐడీ అనేది దేశంలోని నర్సుల వివరాలను ఒకచోట చేర్చడానికి భారత నర్సింగ్ కౌన్సిల్ ఆధార్ అనుసంధానంతో ఇస్తున్న గుర్తింపు సంఖ్య. అది అవసరమైనదే గాని, రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌కు ప్రత్యామ్నాయం కాదు. 1947 చట్టం స్థానంలోకి తేవడానికి చేసిన 2023 నాటి జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం కూడా జాతీయ రిజిస్టరుతో పాటు రాష్ట్ర రిజిస్టర్లను ఉంచింది.

ముందుగా కర్ణాటక కౌన్సిల్‌లో మీ రిజిస్ట్రేషన్ గడువు ముగియలేదని చూసుకోండి. ముగిసివుంటే రెన్యువల్ చేయించండి. తర్వాత అక్కడి నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదని తెలిపే పత్రం), వెరిఫికేషన్ (మీ రిజిస్ట్రేషన్ నిజమేనన్న ధ్రువీకరణ) కోరండి. సాధారణంగా జాప్యం జరిగేది ఇక్కడే, ఎందుకంటే వెరిఫికేషన్ ఒక కౌన్సిల్ నుంచి మరో కౌన్సిల్‌కు నేరుగా వెళ్లాల్సిన వ్యవహారం. మీరు కట్టిన రుసుము రసీదును, దరఖాస్తు సంఖ్యను భద్రపరచండి, జవాబు రాకపోతే లిఖితపూర్వకంగా గుర్తు చేయండి. కొత్త రిజిస్ట్రేషన్ చేతికి రాకముందే పాతదాన్ని రద్దు చేయమని మాత్రం అడగవద్దు.

పేరు విషయంలో మీవంటి వారు ఎక్కువగా ఇబ్బంది పడతారు. బెంగళూరు సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా పేరు చివర ఉంటుంది. పదో తరగతి మెమోలో పూర్తి ఇంటిపేరు ముందు ఉంటుంది. పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు చేరుతుంది. ఈ మూడూ ఒకే వ్యక్తివని చెప్పే నోటరీ అఫిడవిట్‌ను, వివాహ ధ్రువపత్రాన్ని దరఖాస్తుతో జతచేయండి. దరఖాస్తులో మాత్రం డిగ్రీలో ఉన్న పేరునే రాయడం మేలని నా అభిప్రాయం.

ఆసుపత్రివారి మాట విని ఇప్పుడే నర్సుగా డ్యూటీలో చేరవద్దని గట్టిగా చెబుతున్నాను. ఒక ఇంజెక్షన్ వికటించి రోగి బంధువులు వినియోగదారుల కమిషన్‌కు వెళితే, ఆ సమయంలో వార్డులో ఉన్న నర్సుకు ఇక్కడ రిజిస్ట్రేషన్ ఉందా అన్న ప్రశ్న తప్పక వస్తుంది. అప్పుడు నోటిమాటగా 'తర్వాత చూసుకుందాం' అన్నవారు మీ పక్షాన నిలబడతారని నమ్మకం పెట్టుకోలేరు. ఉద్యోగం చేజారుతుందన్న భయం ఉంటే, రిజిస్ట్రేషన్ వచ్చిన తేదీ నుంచి చేరేలా ఆఫర్ లెటర్ రాయించుకోండి. నిజంగా మీరు కావాలనుకునే యాజమాన్యం అందుకు అభ్యంతరం చెప్పదు.

ప్రభుత్వ స్టాఫ్ నర్సు పోస్టులపై ఆలోచన ఉంటే ఆలస్యం చేయకండి. నోటిఫికేషన్‌లో వేరే తేదీ చెప్పకపోతే, దరఖాస్తుల చివరి తేదీ నాటికి అర్హతలన్నీ ఉండాలన్నది సుప్రీంకోర్టు 1997లో అశోక్‌కుమార్ శర్మ కేసులో స్పష్టం చేసిన సూత్రం. ఆ తేదీ తర్వాత వచ్చిన రిజిస్ట్రేషన్‌ను చూపించి ఎంపికను కోరడం కష్టం.