జాన్ కెన్నెడీ జూనియర్ విమానం కూలడం వెనుక కుట్ర ఉందా?

"1999లో అమెరికా మాజీ అధ్యక్షుడు కెన్నెడీ కొడుకు జాన్ ఎఫ్. కెన్నెడీ జూనియర్ నడుపుతున్న విమానం సముద్రంలో కూలింది కదా, అది ప్రమాదమేనా, ఎవరైనా చేయించారా?" అని అడిగారు. ప్రమాదమే. ఇందులో నాకు రవ్వంత సందేహం లేదు. విమానం ఎటు వంగుతోందో ఒంటికి తెలియని తికమకే ఆయన ప్రాణం తీసింది. అది ఒకసారి నా ఒంట్లోకీ వచ్చి పోయింది.

నేను న్యూజెర్సీలో ఉంటాను. ఇక్కడే చిన్న విమానం నడపడం నేర్చుకున్నాను. ఒకరోజు మూడు వేల అడుగుల ఎత్తులో మా ఇన్‌స్ట్రక్టర్ "కళ్లు మూసుకుని తల దించు, విమానం తిన్నగా ఉందనిపించగానే చెప్పు" అన్నాడు. మొదట కుడికి వంగడం బాగానే తెలిసింది. అర నిమిషానికి అంతా సర్దుకుంది. "ఇప్పుడు తిన్నగా ఉంది" అన్నాను. "కళ్లు తెరువు" అన్నాడు. తెరిచి చూస్తే కుడి రెక్క నేలవైపు దిగబడి ఉంది, ముక్కు కిందికి ఉంది, ఎత్తు చూపించే ముల్లు గిర్రున వెనక్కి తిరుగుతోంది. ఆయన సరిచేస్తుంటే నా ఒళ్లు మాత్రం ఎడమకి పడిపోతున్నామని గోల పెట్టింది. ఎదురుగా డయల్ చూస్తూ కూడా నమ్మలేకపోయాను.

చిన్నప్పుడు ఒప్పులకుప్ప తిరిగి ఆగాక ఇల్లంతా తిరిగేది చూడండి, అలాంటిదే ఇదీ. చెవి లోపల సన్నటి గొట్టాల్లో ద్రవం ఉంటుంది. ఒకే తీరుగా తిరుగుతూ పోతే అదీ ఆ తిరుగుడుకి అలవాటు పడిపోయి, తిరగడం లేదని మెదడుకి చెబుతుంది. పగలైతే కళ్లు ఆ తప్పు పట్టుకుంటాయి. చీకట్లో, కింద నల్లటి నీళ్లు, చుట్టూ మసక ఉంటే కళ్లకి మాత్రం ఏం దొరుకుతుంది?

ఆ జూలై 16 రాత్రి సరిగ్గా అదే పరిస్థితి. సూర్యుడు అస్తమించాక, 8:38కి న్యూజెర్సీలోని ఎసెక్స్ కౌంటీ విమానాశ్రయం నుంచి కెన్నెడీ పైపర్ సారటోగా అనే చిన్న విమానంలో బయలుదేరాడు. వెంట భార్య కారొలిన్, ఆమె అక్క లారెన్. పరికరాలనే నమ్ముకుని నడిపే రేటింగ్ ఆయనకి ఇంకా రాలేదు, శిక్షణలో ఉన్నాడు. మార్తాస్ వినియార్డ్ అనే దీవి దగ్గర కిందికి దిగుతూ ఆ తికమకలోనే పడ్డాడు. చివరి క్షణాల్లో విమానం నిమిషానికి 4,700 అడుగులకు పైగా వేగంతో పడిపోయింది. ముగ్గురూ చనిపోయారు. ఇంజిన్‌లో లోపమేమీ దొరకలేదు. 2000లో దర్యాప్తు బోర్డు తేల్చింది కూడా ఇదే.

ఇక ఆ కుటుంబంలో అకాల మరణాలన్నిటికీ 'కెన్నెడీ శాపం' అంటూ ఎర్ర బాణాలు గీసి వీడియోలు చేసేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ముగ్గురు మనుషులు పోయిన కథలో ఎవరికైనా పనికొచ్చే సంగతిని అవి కనపడకుండా చేస్తున్నాయి.

నా లెక్కలో అసలు కారణం ఆ బోర్డు నివేదికలో లేదు. మర్నాడు వాళ్ల చిన్నాన్న కూతురి పెళ్లి, దానికి అందుకోవాలి. తోడు వస్తానని ఒక ఇన్‌స్ట్రక్టర్ అడిగినా ఒక్కణ్ణే నడుపుతానన్నాడట. పెళ్లికి అందాలన్న తొందర మనకి తెలియనిదా? రాత్రంతా నిద్ర లేకుండా విజయవాడ హైవే మీద కారు తోలుకొచ్చి ముహూర్తానికి దిగిన డ్రైవర్‌ని మనవాళ్లు మెచ్చుకుంటారు. మధ్యలో ఆగి పడుకున్నవాణ్ణి ఎవరైనా మెచ్చుకోగా నేను వినలేదు.

లైసెన్స్ వచ్చిన ఏడాది మేరీలాండ్‌లో మా బావమరిది గృహప్రవేశం. 10:40కి ముహూర్తం. విమానంలో వస్తామని అందరికీ చెప్పేశాను. పొద్దున్నే వెళ్లి చూస్తే ఆకాశం పాలు కలిపిన నీళ్లలా ఉంది. రన్‌వే అవతలి చెట్లు కనబడటం లేదు. గంటన్నర చూశాం. మా ఆవిడకి అటునుంచి ఫోన్ మీద ఫోన్. నాకేమో టెన్షన్. చివరికి విమానాన్ని తాళ్లతో కట్టేసి కారెక్కాం. మేం చేరేసరికి భోజనాలు కూడా అయిపోయాయి. పాలు పొంగించడం ఫోటోల్లో చూశాం. మా బావమరిది ఆ మాట ఇప్పటికీ ఎత్తుతూనే ఉంటాడు.