మునిసిపాలిటీ ఉద్యోగం అంటే చెత్త బండి వెంట తిరగడమేనా?

ప్రశ్న: మా అమ్మాయి సివిల్ బీటెక్ మూడో సంవత్సరం చదువుతోంది. క్లాసులో సగం మంది జావా, పైథాన్ కోచింగ్‌లకి వెళ్తుంటే ఇది మాత్రం మునిసిపల్ ఉద్యోగాలకే చదువుతానంటోంది. మావారికి ఇష్టం లేదు. మా ఆడపడుచు అయితే "లక్షలు పోసి చదివించి చెత్త బండి వెంట పంపుతారా?" అని నవ్వింది. అసలు అక్కడ ఏం ఉద్యోగాలుంటాయి? ఆడపిల్లకి సరిపోతాయా? – ఓ తల్లి, ఒంగోలు

జవాబు: అమ్మా, మీ ఆడపడుచుగారు నవ్విన ఆ చెత్త బండి దగ్గరే మొదలుపెడతాను. మునిసిపాలిటీలో ఒక్క రోజు కూడా వాయిదా వేయడానికి వీల్లేని పని అదే.

తెల్లవారుజామున ఐదు, ఐదున్నరకి మీ వార్డులోనే ఏదో ఒక కూడలిలో మస్టర్ వేస్తారు. కార్మికులు ఫోన్‌లో ముఖం చూపించి హాజరు వేయించుకుంటారు. ఇరవై మందిలో ముగ్గురు రాలేదనుకోండి, ఆ ముగ్గురి వీధులు ఎవరికి పంచాలో అక్కడే నిలబడి తేల్చాలి. ఆటో టైరు పంక్చరైతే ఇంకో ఆటో తెప్పించాలి. ఈలోపు కార్పొరేటర్ ఫోన్: "మా వీధిలోకి బండి ఇంకా రాలేదేంటి?" ఇదంతా చూసుకునేది శానిటరీ ఇన్‌స్పెక్టర్లు, వార్డు శానిటేషన్ సెక్రటరీలు. వీళ్లు ప్రజారోగ్య విభాగం కింద పనిచేస్తారు. మీ అమ్మాయి చదువుతున్నది సివిల్ కాబట్టి ఆమె వెళ్లేది ఇంజినీరింగ్‌కో, టౌన్ ప్లానింగ్‌కో. అంటే చెత్త బండి వెంట తిరుగుతానన్నా ఆమెని ఎవరూ పంపరు. ఈ మాట మీ ఆడపడుచుగారికి చెప్పండి.

కాకపోతే చెత్త ఆమెని పూర్తిగా వదిలిపెట్టదు. తడి, పొడి, ప్రమాదకర చెత్తలు వేరు చేసి ఇవ్వాలని కేంద్రం 2016లోనే నియమాలు తెచ్చింది. మనం మాత్రం అన్నీ ఒకే కవర్లో కట్టి ఇస్తూ వచ్చాం. అలా ఊరి బయట కొండలా పెరిగిన పాత చెత్తని జల్లెడ పట్టి మట్టి, ప్లాస్టిక్, రాళ్లు విడదీసే పని ఇప్పుడు చాలా ఊళ్లలో నడుస్తోంది. గుంటూరు, విశాఖల్లో చెత్తతో కరెంటు తీసే ప్లాంట్లు వచ్చాయి. డంప్ యార్డులో ఎన్ని ఘనపు మీటర్లు ఉందో కొలవడం, అందులోంచి కారే నల్లనీళ్లు బోర్లలోకి దిగకుండా చూడటం ఇంజినీర్ల పనే. ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్ చేసినవాళ్లకి ఇక్కడ ప్రైవేటులోనూ ఉద్యోగాలున్నాయి.

ఇక రోడ్లు. సివిల్ పిల్లలు ఎక్కువగా ఆశపడేది అసిస్టెంట్ ఇంజినీర్ పోస్టు మీద కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను.

కొన్నేళ్ల క్రితం నా దగ్గరికి సలహాకి వచ్చిన ఒకమ్మాయి తర్వాత ఏఈ అయింది. ఊరి పేరు వద్దులెండి. చేరిన కొత్తలో ఒక వీధిలో సీసీ రోడ్డు పోస్తున్నారు. కాంక్రీటు మరీ జారుగా కనిపించి స్లంప్ కోన్ (కాంక్రీటు ఎంత జారుగా ఉందో కొలిచే గరాటు లాంటి అచ్చు) తెమ్మంది. మేస్త్రీ నవ్వి, "ఎండకి గట్టిపడిపోతోందండి మేడం, కాసిని నీళ్లు పోస్తే ఏమవుద్ది?" అన్నాడట. ఈ పిల్ల ఆ లోడు పోయనివ్వలేదు. పది నిమిషాల్లో మూడు ఫోన్లు, మూడూ పెద్దవాళ్ల దగ్గర్నుంచే. ఆమె ఎవరితోనూ వాదించలేదు. "టెస్టు చేయించి వెంటనే పోయిస్తాను సార్" అని ముగ్గురికీ ఒకే మాట చెప్పింది. బలం తేల్చడానికి ఆ కాంక్రీటుతోనే క్యూబులు, అంటే చిన్న దిమ్మలు, పోయించి ఇరవై ఎనిమిదో రోజు ల్యాబులో పగలగొట్టించింది. కొలిచింది కొలిచినట్టు ఎం-బుక్‌లో రాసింది. ఎం-బుక్ అంటే మెజర్‌మెంట్ బుక్. కాంట్రాక్టర్ బిల్లు దాని మీదే లేస్తుంది. రాసిన ఏఈ సంతకం ఏళ్ల తర్వాత విజిలెన్స్ వాళ్లు వచ్చినా అందులో అలాగే ఉంటుంది.

ఈ ఉద్యోగంలో టెన్షన్ అంతా ఇక్కడే ఉందమ్మా. ఎండలో నిలబడటం పిల్లలకి రెండు నెలల్లో అలవాటైపోతుంది. తెలిసినవాళ్లకి, పైవాళ్లకి గొంతు పెంచకుండా "కాదు" అని చెప్పడం మాత్రం కొందరికి పదేళ్లయినా రాదు. మీ అమ్మాయి ఇంట్లో ఎలా ఉంటుందో మీకే తెలియాలి. ఒప్పుకోనిదానికి ఒప్పుకున్నట్టు తలూపి తర్వాత కుమిలిపోయే మనిషైతే నేను కూడా మీవారి వైపే మాట్లాడతాను.

ఇంకో సంగతి. ఊళ్లోని రోడ్లన్నీ మునిసిపాలిటీవి కావు. కొన్ని ఆర్ అండ్ బీవి, కొన్ని జాతీయ రహదారులవి. గుంత ఎవరిదైనా తిట్లు మాత్రం మునిసిపాలిటీకే.

పార్కింగ్‌కి ప్రత్యేకంగా సెక్షన్ ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది మూడు నాలుగు చోట్ల ముక్కలుగా ఉంటుంది. మార్కెట్ దగ్గర ఆశీలు, సైకిల్ స్టాండు వేలాలు రెవెన్యూ వాళ్లు చూస్తారు. రోడ్డు మీద ఎక్కడ బండి ఆపకూడదో ట్రాఫిక్ పోలీసులు చూస్తారు. అపార్టుమెంటుకి, కాంప్లెక్స్‌కి ఎంత పార్కింగ్ వదలాలన్నది టౌన్ ప్లానింగ్ వాళ్ల చేతిలో ఉంటుంది. ప్లాన్‌లో స్టిల్ట్ (స్తంభాల మీద ఖాళీగా వదిలే కింది అంతస్తు) అంతా పార్కింగ్ అని చూపిస్తారు, ఏడాది తిరిగేసరికి అక్కడ టిఫిన్ సెంటరు వెలుస్తుంది. నోటీసు ఇచ్చి దాన్ని తీయించాల్సింది వీళ్లే. మీ బంధువులు హైదరాబాద్ మాల్‌కి వెళ్తే మొదటి అరగంట పార్కింగ్ ఫ్రీ కదా, అదీ 2018లో తెలంగాణ పురపాలక శాఖ ఇచ్చిన 63వ నంబరు జీఓ చలవే. రాసే పని, మ్యాపుల పని ఇష్టమైతే మీ అమ్మాయికి ప్లానింగే నయం. బీటెక్ అయ్యాక గేట్ (ఎంటెక్ లాంటి పీజీ సీట్లకి పెట్టే జాతీయ పరీక్ష) రాసి ఎం.ప్లాన్, అంటే ప్లానింగ్‌లో పీజీ, చేయొచ్చు. విజయవాడలోనే 2008 నుంచి స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ) ఉంది.

ఇళ్ల సంగతి క్లుప్తంగా చెప్తాను. 300, 365, 430 చదరపు అడుగుల టిడ్కో ఫ్లాట్లు కట్టించేది టిడ్కో అనే వేరే సంస్థ. దరఖాస్తులు, లబ్ధిదారుల జాబితాలు, పొదుపు సంఘాలతో మాట్లాడటం మునిసిపాలిటీ, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సిబ్బంది వంతు. జనం దిగాక నీళ్లు రాకపోయినా, మురుగు పొంగినా మళ్లీ ఏఈకే ఫోన్.

ఇప్పుడు దారులు చెప్తాను. మన రాష్ట్రంలో మునిసిపల్ ఏఈలు పబ్లిక్ హెల్త్ అండ్ మునిసిపల్ ఇంజినీరింగ్ శాఖ కిందికి వస్తారు. ఏపీపీఎస్సీ పరీక్షలో జనరల్ స్టడీస్‌తో పాటు సబ్జెక్టు పేపర్లు ఉంటాయి. టౌన్ ప్లానింగ్‌లో కింది మెట్టు బిల్డింగ్ ఓవర్సీర్. వార్డు సచివాలయాల్లో ఎమినిటీస్ సెక్రటరీ, ప్లానింగ్ సెక్రటరీ అనే రెండు పోస్టులు సివిల్ వాళ్లకి సరిగ్గా సరిపోతాయి. ఊరు మొత్తాన్ని చూడాలని ఉంటే గ్రూప్-1లో గ్రేడ్-2 మునిసిపల్ కమిషనర్, గ్రూప్-2లో గ్రేడ్-3 కమిషనర్ పోస్టులు ఉంటాయి. తెలంగాణలోనూ అంతే.

చిక్కు ఎక్కడంటే, నోటిఫికేషన్లు ఏటా రావు. సచివాలయాల భర్తీ 2019లో ఒక్కసారిగా పెద్ద ఎత్తున జరిగింది, 2020లో మిగిలినవాటికి ఇంకోసారి. ఆ ఊపు చూసి "మళ్లీ వస్తుంది" అని ఏళ్లకేళ్లు హాస్టల్లో కూర్చున్న పిల్లలు నాకు తెలుసు. అందుకే నా లెక్క ఇది: మూడో సంవత్సరం నుంచే గేట్ పుస్తకాలు పట్టుకోవాలి. సిలబస్‌లో సివిల్ భాగం ఏఈ పరీక్షకీ పనికొస్తుంది, ఎం.ప్లాన్‌కీ ఎంటెక్‌కీ పనికొస్తుంది. పక్కన ప్లాన్లు గీసే ఆటోక్యాడ్, మ్యాపులు తయారుచేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్లు నేర్చుకోమనండి. రెండోది ఉచితమే. డిగ్రీ అయిన కొత్తలో మునిసిపాలిటీల్లో ఇంటర్న్‌షిప్ చేయడానికి కేంద్రం 2020లో ట్యూలిప్ అనే పథకం పెట్టింది, దాని పోర్టల్ కూడా చూడమనండి. చదువయ్యాక రెండేళ్లు గడువు పెట్టుకోండి. అప్పటికీ ప్రభుత్వ ఉద్యోగం రాకపోతే మునిసిపల్ పనులు చేసే కన్సల్టెన్సీలోనో, కాంట్రాక్టు సంస్థలో క్వాలిటీ ఇంజినీరుగానో చేరి, చేస్తూ రాయాలి. ఖాళీగా మాత్రం కూర్చోనివ్వొద్దు.

"ఔట్‌సోర్సింగ్‌లో పెట్టిస్తాం, తర్వాత పర్మనెంట్ చేయిస్తాం, మూడు లక్షలు ఇవ్వండి" అంటూ ఎవరైనా మీ ఇంటికొస్తే మంచినీళ్లిచ్చి పంపేయండి. ఇలా పోగొట్టుకున్నవాళ్లు ఏటా నా దగ్గరికి వస్తూనే ఉన్నారు. రసీదు ఉండదు, కేసు పెట్టడానికి కాగితం ఉండదు.

ఆడపిల్లకి సరిపోతుందా అని అడిగారు. ఏఈలుగా, ప్లానింగ్ సెక్రటరీలుగా ఇప్పటికే చాలామంది అమ్మాయిలు పనిచేస్తున్నారు. ఇబ్బంది లేదని చెప్పను. సైటు దగ్గర బాత్రూం ఉండదు. పైపులైను పగిలితే రాత్రి పదింటికైనా వెళ్లాలి, తుపాను వస్తే సెలవు రద్దు. ఈ మూడూ మీ అమ్మాయికి ముందే తెలియాలి, రేపు పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు అవతలివాళ్లకీ తెలియాలి.

నిర్ణయం తీసుకునే ముందు ఒక్క పని చేయండి. ఉదయం ఐదున్నరకి మీ వార్డులో మస్టర్ దగ్గరికి అమ్మాయిని తీసుకెళ్లండి, మీవారు కూడా వస్తే మరీ మంచిది. తర్వాత పదిన్నరకి మునిసిపల్ ఆఫీసులో ఇంజినీరింగ్ సెక్షన్ బయట బెంచీ మీద గంటసేపు కూర్చోనివ్వండి. వచ్చేవాళ్లు ఏమడుగుతున్నారో, లోపలివాళ్లు ఏం చెప్పి పంపుతున్నారో విననివ్వండి. సోమవారమైతే మేలు. ఆదివారం చెత్త, సోమవారం అర్జీలు రెండూ ఆ రోజే మీద పడతాయి.