కెరటం విరగని చోట దిగకండి

కార్తీక మాసం దగ్గర పడుతున్నకొద్దీ సముద్ర స్నానాల గురించి, తీరంలో వనభోజనాల గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకుల నుంచి ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో సముద్రంలో దిగేటప్పటి జాగ్రత్తలను అడిగిన ఐదింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: ఏటా కార్తీక పౌర్ణమికి మా కుటుంబమంతా కళింగపట్నం వెళ్లి సముద్ర స్నానం చేస్తాము. పెద్ద కెరటాలంటే భయం కనుక, కెరటాలు అంతగా లేని చోటు వెదికి పిల్లలను అక్కడ దింపుతాము. కిందటి ఏడు అలా దిగబోతుంటే ఒక మత్స్యకార పెద్దాయన వచ్చి, "అక్కడ వద్దమ్మా, ఇటు రండి" అని కెరటాలు విరుగుతున్న వైపు మమ్మల్ని పంపించారు. మా అత్తగారు ఆయన మాట విన్నారు గానీ, ఎందుకలా చెప్పారో మాకు ఇప్పటికీ అర్థం కాలేదు.
– ఒక గృహిణి, నరసన్నపేట

సమాధానం: ఆ పెద్దాయన మీ కుటుంబానికి చేసిన మేలు చిన్నది కాదమ్మా. రెండు పక్కలా కెరటాలు తెల్లగా విరుగుతూ, మధ్యలో ఒక్క చోట మాత్రం నీరు నిమ్మళంగా కనిపిస్తోందంటే, ఆ తీరంలో అన్నిటికన్నా భయపడవలసిన చోటు అదే.

కెరటాలు ఒకదాని వెంట ఒకటి ఒడ్డు మీదికి నీటిని తోస్తూనే ఉంటాయి. అలా వచ్చి చేరిన నీరు తిరిగి లోపలికి పోవడానికి దారి వెదుక్కుంటుంది. ఒడ్డుకు కొంత దూరంలో, నీటి అడుగున, తీరం పొడవునా ఇసుక దిబ్బలు ఉంటాయి. కెరటం ఆ దిబ్బ మీదికి వచ్చేసరికి లోతు తగ్గి విరిగిపోతుంది. దిబ్బకూ దిబ్బకూ మధ్య తెగిన చోట లోతు ఎక్కువ కనుక అక్కడ కెరటం విరగదు, నురుగు కట్టదు, నీరు కాస్త ముదురు రంగులో ఉంటుంది. చెరువు గట్టుకు గండి పడితే నీరంతా ఆ గండికే ఎలా తోసుకుపోతుందో, ఒడ్డున పోగైన నీరు కూడా ఆ తెగిన చోటు గుండానే లోపలికి పరుగెత్తుతుంది. దీనినే రిప్ కరెంట్ అంటారు. దీని వేగం మామూలుగా సెకనుకు అర మీటరు నుంచి ఒక మీటరు వరకు ఉంటుంది. ఉధృతంగా ఉన్నప్పుడు 2 మీటర్లు దాటుతుంది. ఒలింపిక్స్‌లో పోటీ పడే ఈతగాళ్లు కూడా అంత వేగానికి ఎదురీదలేరు.

దిగే ముందు ఒడ్డున కాస్త ఎత్తైన ఇసుక గుట్ట మీద నిలబడి పది పదిహేను నిమిషాలు నీటినే చూడండి. కెరటాలు ఎప్పుడూ ఒకే ఎత్తులో రావు. కొంతసేపు చిన్నవి వచ్చి, ఆ తర్వాత నాలుగైదు పెద్దవి వరుసగా వస్తాయి. రెండు నిమిషాలు చూసి దిగినవారికి ఆ పెద్ద కెరటాల సంగతి నీళ్లలో ఉండగా తెలుస్తుంది. అలా చూస్తున్నప్పుడు నురుగు ఒక పాయగా విడిపోయి లోపలికి పోతున్నదా, ఇసుక కలిసిన మట్టి రంగు నీరు ఒక దారి వెంబడి సముద్రం వైపు సాగుతున్నదా గమనించండి. అనుమానంగా ఉంటే ఒక ఎండు కొబ్బరి డొక్కను నీటిలోకి విసరండి. అది కెరటంతో ఒడ్డుకు కొట్టుకు వస్తే సరే. నిలకడగా లోపలికి పోతూ ఉంటే ఆ చోటు విడిచిపెట్టి దూరంగా వెళ్లండి.

పౌర్ణమి గురించి కూడా ఒక మాట చెప్పాలి. పౌర్ణమికీ అమావాస్యకూ పోటు ఎక్కువ ఎత్తుకు వస్తుంది, నీరు వెనక్కి తగ్గే పాటు మామూలు కన్నా కిందికి దిగిపోతుంది. నీరు తగ్గే వేళ దిబ్బల మీద లోతు తగ్గి, ఆ గండ్లలో ప్రవాహం మరింత వడిగా ఉంటుంది. మనం స్నానానికి పుణ్యదినాలుగా ఎంచుకునే కార్తీక పౌర్ణమి, మాఘ పౌర్ణమి, అమావాస్యలే ఆటుపోట్లు బలంగా ఉండే రోజులు కావడం వల్ల, మామూలు రోజున మీరు దిగి వచ్చిన చోటే ఆనాడు వేరుగా ఉండవచ్చు. పైగా బంగాళాఖాతంలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపాన్ల కాలం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస సమీపంలోనే తీరం దాటిందన్నది ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. వాయుగుండం ఎక్కడో నడి సముద్రంలో ఉండగానే దాని కెరటాలు ఎండ కాస్తున్న మన తీరానికి చేరతాయి. కళింగపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేశారని వార్తల్లో విన్న రోజున స్నానం మానుకోండి. చెంబుతో తెచ్చిన సముద్రపు నీటిని ఒడ్డున తల మీద పోసుకున్నా స్నానమే అవుతుంది.

నది కలిసే చోటు ఇంకా వద్దు. కళింగపట్నంలో వంశధార, కళ్లేపల్లి దగ్గర నాగావళి, కోనాడ దగ్గర చంపావతి, బారువలో మహేంద్రతనయ సముద్రంలో కలుస్తాయి. పాటు వేళ నది నీరు, పోటుతో లోపలికి వచ్చిన సముద్రపు నీరు కలిసి ఒక్కసారిగా బయటికి లాగుతాయి. వరద వచ్చిన ప్రతిసారీ అక్కడి ఇసుక మేటలు చోటు మార్చుకుంటాయి కనుక, కిందటి ఏడాది మోకాలి లోతున్న చోట ఈ ఏడాది నిలువు లోతు ఉండవచ్చు. అక్కడ రెండు నీళ్లూ కలుస్తాయని పుణ్యం ఎక్కువని దిగేవారు ఉన్నారు. దయచేసి దణ్ణం పెట్టుకుని వెనక్కి రండి.

పిల్లల విషయంలో చెయ్యి చాపితే అందేంత దూరం దాటనివ్వకండి. ఒడ్డున కూర్చుని చూస్తూ ఉండడం కాపలా కాదు. వాళ్లకు మోకాలు, పెద్దలకు నడుము దాటి నీరు వద్దు. చీర, చుడీదార్ దుపట్టా తడిసి కాళ్లకు చుట్టుకుంటే నిలదొక్కుకోవడం కష్టం. కొంగు గట్టిగా దోపుకుని, దుపట్టా ఒడ్డున పెట్టి దిగండి.

ప్రశ్న: నాకు ఈత బాగా వచ్చు. చిన్నప్పటి నుంచి మా ఊరి బావిలో, నాగావళిలో ఈదాను. సముద్రంలో నీరు లోపలికి లాగితే ఎలా ఈదితే బయటపడవచ్చు?
– ఇంజనీరింగ్ విద్యార్థి, ఎచ్చెర్ల

సమాధానం: ఈ ప్రశ్న ముందే అడిగినందుకు సంతోషం. బావిలో నీరు కదలదు. నదిలో ప్రవాహం ఒకే వైపు పోతుంది, గట్టు కనిపిస్తూనే ఉంటుంది. సముద్రంలో కెరటం ఒడ్డుకు తోస్తుంటే అడుగున నీరు వేరే వైపు లాగుతుంది. ఈత వచ్చినవాడు ఆ లాగుడు తెలియగానే ఒడ్డునే చూస్తూ, ఉన్న బలమంతా పెట్టి తిన్నగా ఒడ్డు వైపు ఈదుతాడు. ఎంత ఈదినా ఒడ్డు దగ్గర పడదు, రెండు మూడు నిమిషాల్లో చేతులు వాలిపోతాయి. ప్రాణం తీసేది ఎక్కువగా ఆ అలసటే.

రిప్ కరెంట్ మనిషిని అడుగుకు లాగదు, ఒడ్డుకు దూరంగా మాత్రమే తీసుకుపోతుంది. కెరటాలు విరిగే హద్దు దాటిన కొద్ది దూరానికి చాలావరకు దాని బలం సడలిపోతుంది. అందువల్ల మొదటి పని ఈదడం కాదు, తేలడం. వెల్లకిలా తిరిగి, చెవులు నీటిలో మునిగేలా తల వెనక్కి వాల్చి, చేతులు చాచి, ఊపిరి నిదానంగా తీసుకోండి. ఉప్పునీటిలో మనిషి బావినీటిలో కన్నా సులభంగా తేలతాడు. గుండె దడ తగ్గాక ఒక చెయ్యి పైకెత్తి ఊపుతూ ఒడ్డున ఉన్నవారికి కనబడండి. తర్వాత ఒడ్డుకు సమాంతరంగా, కెరటాలు తెల్లగా విరుగుతున్న వైపు నెమ్మదిగా ఈదండి. ఒక వైపు ఈదుతుంటే నీరు అడ్డుకుంటున్నట్టు తోస్తే రెండో వైపు తిరగండి. విరిగే కెరటాల్లోకి చేరాక అవే మిమ్మల్ని ఒడ్డుకు తోస్తాయి. అప్పుడు ఏటవాలుగా రండి. అలసట అనిపించిన ప్రతిసారీ మళ్లీ తేలండి.

ఇది చదివితే చాలదు. తేలడాన్ని ముందు ఈత కొలనులో, శిక్షకుడి ఎదుట, అలవాటయ్యేదాకా సాధన చేయండి. మందు తాగి, పొద్దు వాలాక, ఒంటరిగా సముద్రంలో దిగడం ఎంత ఈత వచ్చినవారికైనా తగదు. పరుగెత్తుకు వెళ్లి తలకిందులుగా దూకకండి. దిబ్బ మీద మూడడుగుల నీరే ఉంటే మెడ విరుగుతుంది, కాళ్లూ చేతులూ శాశ్వతంగా చచ్చుబడవచ్చు.

ప్రశ్న: మా పాఠశాల పిల్లలను చింతపల్లి తీరానికి విహారయాత్రకు తీసుకువెళ్లాలనుకుంటున్నాము. ఏయే ఏర్పాట్లు చేసుకోవాలి? ఎవరైనా కొట్టుకుపోతే ఉపాధ్యాయులు ఏం చేయాలి?
– ఉపాధ్యాయుడు, చీపురుపల్లి

సమాధానం: పిల్లలను సముద్రం చూపించడానికి తీసుకువెళ్లండి, దించడానికి కాదు అన్నదే నా అభిప్రాయం. చింతపల్లికి ఎదురుగా సముద్రంలో రాళ్లు ఉన్నాయి. ఓడలను వాటి నుంచి తప్పించడానికే అక్కడ లైట్‌హౌస్ కట్టారు. దాని చరిత్రే పిల్లలకు మంచి పాఠం. పాదాలు తడుపుకోనిస్తామంటారా, ముందు ఊళ్లోని మత్స్యకారులతో మాట్లాడండి. ఆ రోజు సముద్రం ఎలా ఉందో, ఎక్కడ గుంట ఉందో వారికి తెలిసినట్టు మరెవరికీ తెలియదు. తగిన కూలి ఇచ్చి ఇద్దరిని పిల్లల వెంట ఉంచుకోండి. వేట మానుకుని తెప్పలన్నీ ఒడ్డున కట్టి ఉంచారంటే మీరు కారణం అడగనక్కరలేదు, వెనుదిరగండి. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఎత్తైన కెరటాలు వచ్చేటప్పుడు హెచ్చరికలు ఇస్తుంది. బయలుదేరే ముందు అదీ చూడండి. పిల్లలను జంటలుగా విడదీసి, ఒకరి బాధ్యత ఒకరికి అప్పగించి, తరచుగా లెక్క పెట్టండి. గాలి నింపిన ట్యూబులు తేనివ్వకండి: తెల్లవారుజామున గాలి నేల మీది నుంచి సముద్రం వైపు వీస్తుంది కనుక తేలికైన ట్యూబు చూస్తుండగానే లోపలికి పోతుంది. మధ్యాహ్నం ఉరుము వినబడితే అందరినీ బస్సు ఎక్కించండి.

మునుగుతున్నవారు కేకలు వేస్తారని అనుకుంటాము. నిజానికి చాలామంది నిశ్శబ్దంగా మునిగిపోతారు. నోరు నీటి మట్టానికి వచ్చీ రానట్టు ఉంటుంది, ఊపిరికే సమయం చాలదు కనుక అరవలేరు. చేతులు రెండు పక్కలా నీటిని కిందికి నొక్కుతుంటాయి, తల వెనక్కి వాలుతుంది, చూపు ఎటూ నిలవదు. ఈ స్థితి ఒక నిమిషమైనా ఉండకపోవచ్చు. దూరం నుంచి చూసేవారికి ఆడుకుంటున్నట్టే కనిపిస్తుంది. "బాగున్నావా?" అని అరిచి అడగండి, జవాబు రాకపోతే మునుగుతున్నట్టే లెక్క.

అప్పుడు చేయకూడని పని వెంటనే దూకడం. ఒక్కరి కోసం దిగి ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాము. అందులో తండ్రులు, అన్నలు, స్నేహితులే ఎక్కువ. మునిగేవారు చేతికి అందినదాన్ని పట్టుకుని దాని మీదికి ఎక్కాలని చూస్తారు, అది మీ మెడ కావచ్చు. ముందు తేలే వస్తువు విసరండి. మూత గట్టిగా బిగించిన 20 లీటర్ల ఖాళీ నీళ్ల క్యాన్‌కు పొడవైన తాడు కట్టి ప్రయాణంలోనే వెంట ఉంచుకోండి. అది పెద్దమనిషిని కూడా తేల్చగలదు. అది లేకపోతే 2 లీటర్ల ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలు, బస్సులోని స్టెప్నీ ట్యూబు, ఏదైనా సరే. ఒకరు మునుగుతున్న పిల్లవాడి మీది నుంచి చూపు తిప్పకుండా వేలితో చూపిస్తూ నిలబడాలి, మరొకరు మత్స్యకారులను పిలవాలి, ఇంకొకరు 112 కు ఫోన్ చేయాలి. కోస్ట్‌గార్డ్ సంఖ్య 1554, అంబులెన్స్ సంఖ్య 108. ఎవరు ఏ పని చేయాలో బస్సులో ఉండగానే పంచుకోండి.

ప్రశ్న: కిందటి వేసవిలో జెల్లీఫిష్ తగిలి మా అబ్బాయి కాలు వాచింది. మంచినీళ్లతో కడిగితే మంట ఇంకా పెరిగింది. ఏం చేసి ఉండవలసింది?
– పూసపాటిరేగ నుంచి ఒక పాఠకుడు

సమాధానం: చర్మానికి అంటుకున్న దారాల వంటి కొండ్లలో ఇంకా పగలని విషపు సంచులు ఉంటాయి, మంచినీరు తగిలినా, ఇసుకతో రుద్దినా అవి పగిలి మంట పెరుగుతుంది. సముద్రపు నీటితోనే కడిగి, చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని కొండ్లను ఏరివేసి, ఆ తర్వాత బాబు ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో కాలును 20 నిమిషాలైనా ఉంచవలసింది. ఒళ్లు కాలకుండా ముందు మీ చేతితో వేడి చూసుకోవాలి. ఆయాసం, వాంతులు, ముఖం వాపు, ఛాతీలో నొప్పి ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఒడ్డున చచ్చిపడి ఉన్న జెల్లీఫిష్ కూడా కుడుతుందని బాబుకు చెప్పండి.

ప్రశ్న: బారువ తీరంలో మునిగినవారిని బయటికి తెచ్చాక పొట్ట నొక్కడం, కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం చూశాను. అలా నీరు కక్కిస్తే బతుకుతారా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, సోంపేట

సమాధానం: బతకరమ్మా. పైగా ఉన్న కొద్ది అవకాశం పోతుంది. పొట్ట నొక్కితే అందులోని నీరు, తిన్న అన్నం గొంతుకు వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వారికి కావలసినది నీరు బయటికి రావడం కాదు, గాలి లోపలికి పోవడం.

గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, పిలిచి, భుజం తట్టి చూడండి. పలకకపోతే, ఊపిరి కనిపించకపోతే, ఒకరు 108 కు ఫోన్ చేస్తుండగానే మీరు మొదలుపెట్టాలి. నుదుటి మీద చెయ్యి పెట్టి తల వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి ఛాతీ పైకి లేచేలా గాలి ఊదండి. మునిగినవారికి ముందు ఐదు సార్లు ఊదడం మంచిది. ఆ తర్వాత ఛాతీ నడిమధ్య రెండు అరచేతులూ ఒకదానిపై ఒకటి ఆనించి, పెద్దవారికి సుమారు 5 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 వంతున 30 సార్లు నొక్కి, రెండుసార్లు గాలి ఊదండి. అంబులెన్స్ వచ్చేదాకా ఇదే వరుస. నోటి నుంచి నురుగు వస్తుంటే తుడుస్తూ కూర్చోకుండా గాలి ఊదుతూనే ఉండండి. వాంతి అయితే పక్కకు తిప్పి నోరు శుభ్రం చేసి మళ్లీ మొదలుపెట్టండి. చుట్టూ గుంపు కట్టినవారిని దూరం జరపడానికి ఒకరిని నిలబెట్టండి.

ఊపిరి ఉండి స్పృహ లేకపోతే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. లేచి కూర్చుని "నాకేమీ కాలేదు" అన్నా ఇంటికి తీసుకుపోవద్దు. నీరు పీల్చినవారికి కొన్ని గంటల తర్వాత కూడా దగ్గు, ఆయాసం పెరిగి ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు. సోంపేటలోనైనా, పలాసలోనైనా, ఆక్సిజన్ ఉన్న దగ్గరి ఆసుపత్రికి చేర్చి, డాక్టరు పంపించేవరకు అక్కడే ఉంచండి.