సిజేరియన్ తర్వాత నొప్పి: పొట్టకు బ్లాక్ చేయించుకోవచ్చా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. వచ్చే నెల రెండో సిజేరియన్. మొదటిసారి కుట్ల నొప్పికి మూడు రోజులు మంచం దిగలేకపోయాను. ఇంటికొచ్చాక అమ్మ మోకాళ్ల నొప్పుల మాత్రలు వేసుకుంటే తగ్గింది. ఈసారి పొట్టకు నర్వ్ బ్లాక్ (నరాలను మొద్దుబార్చే ఇంజెక్షన్) చేయించుకుంటే నొప్పే ఉండదంటున్నారు. నిజమేనా?
– ఓ సోదరి, ఖమ్మం

జవాబు: ముందు ఆ మాత్రల సంగతి చూద్దామమ్మా. పేరు రాయలేదు మీరు. అలాంటి మాత్రలు కొన్నింటిలో ట్రమడాల్ అనే ఘాటైన నొప్పి మందు ఉంటుంది. అది పాలలోకి వెళ్తుంది. కొందరు తల్లుల ఒంట్లో అది చాలా త్వరగా మరింత ఘాటైన మందుగా మారుతుంది. అప్పుడు బిడ్డ మత్తుగా పడి ఉంటుంది, పాలు తాగదు, ఊపిరి నెమ్మదిస్తుంది. పాలిచ్చే తల్లులు ట్రమడాల్, అలాంటిదే అయిన కొడీన్ వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. మొదటి బిడ్డకు ఏమీ కాలేదు కదా అని ఈసారీ తెగించకండి. ట్రమడాల్ లేకపోయినా అందులో పారాసిటమాల్ ఉండొచ్చు. ఆస్పత్రిలో ఇచ్చినదీ ఇదీ కలిస్తే డోసు రెట్టింపవుతుంది.

ఇక బ్లాక్. ఆపరేషన్ అయ్యాక మత్తు డాక్టర్ అల్ట్రాసౌండ్‌లో చూస్తూ నడుముకు రెండు పక్కలా సూది వేస్తారు. పొట్ట కండరాల పొరలు విడిపోయి, మధ్యలో మందు కంటి ఆకారంలో నల్లగా పరుచుకోవడం తెర మీద కనిపిస్తుంది. కోత నొప్పి కొన్ని గంటలపాటు బాగా తగ్గుతుంది. పాలివ్వడానికి అడ్డు కాదు. కానీ గర్భసంచి ముడుచుకునేటప్పుడు వచ్చే మెలి నొప్పి దీనికి లొంగదు. రెండో కాన్పులో అది ఎక్కువే. కాబట్టి నొప్పే ఉండదన్న మాట నమ్మకండి.

వెన్నులో ఇచ్చే మత్తులో కొద్దిగా మార్ఫిన్ (బలమైన నొప్పి మందు) కలుపుతారేమో అడగండి. కలిపితే బ్లాక్‌తో అదనపు లాభం తక్కువే. కలపకపోతే బ్లాక్ మంచి ఆలోచన. ఏది చేసినా పారాసిటమాల్, దాంతో డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందు నొప్పి పెరిగాక కాకుండా టైము ప్రకారం పడాలి. బీపీ, కిడ్నీ, అల్సర్, ఆస్తమా ఉంటే ముందే చెప్పాలి. మిమ్మల్ని చూడకుండా ఇంతకన్నా చెప్పలేను.

మూడు రోజులు మంచం దిగకపోవడం మాత్రం నాకు నచ్చలేదు. కాళ్లలో రక్తం గడ్డ కట్టే ప్రమాదం ఉంది. నొప్పి ఓర్చుకోకుండా నర్సును పిలవండి, డాక్టర్ సరేనన్న వెంటనే లేచి నాలుగడుగులు వేయండి. ఒక పిక్క వాచినా, ఆయాసం వచ్చినా వెంటనే చెప్పాలి.

అడ్మిట్ అయ్యే రోజు అమ్మగారి మాత్రల షీటు వెంట తీసుకెళ్లి మీ డాక్టర్‌కు చూపించండి.