కెనెడీ హత్య: సాక్షి మాట మారితే ఏది లెక్కలోకి తీసుకోవాలి?

వేర్వేరు ఏళ్ల మాటలను ఒకే వరుసలో పెట్టడం వల్లే మీకు ఈ చిక్కు. "జీన్ హిల్ తుపాకీ మనిషిని చూశానంది, ఇంకోచోట చూడలేదంది, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ప్రసంగానికి ఏది చెప్పను?" అన్నారు కదా. అమెరికా అధ్యక్షుడు కెనెడీని కాల్చినప్పుడు దగ్గర్లోనే ఉన్న సాక్షి ఈ జీన్ హిల్.

1. ప్రతి మాట పక్కనా తేదీ వేయండి. అందరూ వదిలేసేది ఇదే. 1963 నవంబరు 22న, కాల్పులు జరిగిన రోజే, టీవీ వాళ్లు అడిగితే కాల్చినవాణ్ని చూడలేదు, చప్పుడు విన్నానంతే అని ఆమె చెప్పింది. రోడ్డు పక్కనున్న గడ్డి దిబ్బ మీద తుపాకీ మనిషిని చూశానన్నది చాలా ఏళ్ల తర్వాత. అంతమాత్రాన అబద్ధాలకోరు అనేయకండి, అది అన్యాయం. ఏళ్ల తరబడి విన్నవీ చదివినవీ జ్ఞాపకంలో కలిసిపోతాయి. మొదటి రోజు మాటకే బరువెక్కువ.

2. చూసింది వేరు, విన్నది వేరు. కాల్పులు జరిగిన చోటు, డాలస్ నగరంలోని డీలీ ప్లాజాలో భవనాల వల్ల చప్పుడు ప్రతిధ్వనిస్తుంది. సింహాచలం ఘాట్ రోడ్డులో హారన్ ఎటునుంచో తెలియనట్టే.

3. 1979లో అమెరికా ప్రతినిధుల సభ (హౌస్) విచారణ కమిటీ, ఓస్వాల్డ్ కాక రెండో షూటర్ ఉండొచ్చంది, ముఖ్యంగా పోలీసు రేడియో రికార్డింగు ఆధారంగా. 1982లో నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ కమిటీ దాన్ని తోసిపుచ్చింది. రెండూ కలిపే చెప్పండి.