పాప నడుము కింద గడ్డ: ఆపరేషన్ ఇప్పుడే చేయించాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకి ఏడాదిన్నర. పుట్టినప్పట్నుంచీ నడుము కింద మెత్తటి గడ్డ ఉంది, ఎమ్మారై తీస్తే వెన్నుపాము చివర లైపోమా, అంటే కొవ్వు గడ్డ, అన్నారు. పాప బాగానే నడుస్తోంది. ఒక డాక్టర్ వెంటనే ఆపరేషన్ అన్నారు, ఇంకొకాయన ఇప్పుడే వద్దు చూద్దాం అన్నారు. మా అత్తగారు నూనె మర్దనతో కరిగిపోతుందంటున్నారు. ఎవరి మాట వినాలి? – ఓ తల్లి, గాజువాక

జవాబు: ముందు మర్దన ఆపేయండమ్మా. ఆ కొవ్వు చర్మం కిందే ఆగదు, లోపలికెళ్లి వెన్నుపాముకి అతుక్కుని ఉంటుంది, నూనెకి కరిగేది కాదు. పైన కనిపించే గడ్డ ఒక్కటీ కోసేస్తే సరిపోతుందని ఎవరన్నా కూడా ఒప్పుకోకండి, లోపలి అతుకు అలాగే ఉండిపోతుంది.

ఇక ఇద్దరు డాక్టర్లలో ఎవరిదీ తప్పు కాదు, దీని మీద పెద్ద పెద్ద సర్జన్లే ఒక మాట మీద లేరు. కొవ్వు వెన్నుపాము చివర నుంచి కిందికి వెళ్లే ఫైలమ్ అనే సన్నటి దారంలో ఉంటే ఆపరేషన్ చిన్నదే. కోనస్ (వెన్నుపాము కింది కొస) దగ్గరైతే కాళ్లకీ మూత్రాశయానికీ వెళ్లే నరాలు ఆ కొవ్వులో కలిసిపోయి ఉంటాయి, తీసేటప్పుడే వాటికి దెబ్బ తగలొచ్చు, తర్వాత మళ్లీ అతుక్కోవచ్చు కూడా. పారిస్‌లోని నెకెర్ హాస్పిటల్ వాళ్లు ఏ ఇబ్బందీ లేని 53 మంది కోనస్ లైపోమా పిల్లల్ని ఆపరేషన్ లేకుండా గమనిస్తూ వచ్చి 2004లో లెక్క చెప్పారు: 9 ఏళ్లకి సమస్య ముదిరే రిస్క్ వీళ్లలో 33 శాతం, అంతకుముందు అక్కడే ముందుజాగ్రత్తగా ఆపరేషన్ చేసిన పిల్లల్లో 46 శాతం. అమెరికాలో డాక్టర్ డాక్లింగ్ పాంగ్ మాత్రం కొవ్వంతా పూర్తిగా తీసేస్తే ఫలితాలు బాగుంటాయని చూపించారు, కానీ అది చాలా అనుభవం ఉన్న చేతులు చేసే పని. అందుకే కోనస్ లైపోమా ఉండి పాప హాయిగా ఉంటే ఆగడానికే నేను మొగ్గుతాను.

కానీ ఆగడమంటే వదిలేయడం కాదు తల్లీ, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. చాలామంది నడక బాగుందిగా అని ఊరుకుంటారు, మూత్రం సంగతి డైపర్‌లో ఎవరికీ కనపడదు. ఒక పూట డైపర్ తీసేసి పాతచీర పరిచి దాని మీద ఆడుకోనివ్వండి. ధారగా పోసి తర్వాత కాసేపు పొడిగా ఉంటే మంచిదే, ఎప్పుడూ బొట్టుబొట్టుగా కారుతున్నా, ఏడిస్తే కారుతున్నా, మాటిమాటికీ యూరిన్ ఇన్‌ఫెక్షన్ వస్తున్నా, మలబద్ధకం వదలకపోయినా వెంటనే చూపించండి. పైకి ఏమీ లేకపోయినా మూత్రాశయం ఎలా నిండుతోందో, ఎలా ఖాళీ అవుతోందో చూసే యూరోడైనమిక్స్ టెస్ట్ ఒకటి చేయించి ఉంచుకుంటే రేపు పోల్చి చూసుకోడానికి పనికొస్తుంది. రెండు మూడు నెలలకోసారి రెండు పాదాలూ తెల్లకాగితం మీద పెట్టి పెన్సిల్‌తో గీసి తేదీ వేసుకోండి. ఒక పాదం చిన్నదైపోతున్నా, వేళ్లు ముడుచుకుంటున్నా, పిక్క సన్నబడుతున్నా, కొత్తగా మునివేళ్ల మీద నడుస్తున్నా ఆలస్యం చేయొద్దు, ఎందుకంటే పోయిన నరం బలం, ముఖ్యంగా మూత్రం మీద పట్టు, ఆపరేషన్ తర్వాత కూడా పూర్తిగా తిరిగి వస్తుందన్న గ్యారంటీ లేదు. బరువు కూడా చూసుకోండి, ఒళ్లు పెరిగితే ఈ కొవ్వూ పెరుగుతుంది. గబగబా పొడుగు పెరిగే వయసులో ఇంకొంచెం ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి.

మన విశాఖ కేజీహెచ్‌లో న్యూరోసర్జరీ విభాగం ఉంది, అక్కడైనా ఇంకెక్కడైనా ఇలాంటి పిల్లల కేసులు ఎన్ని చేశారండీ అని అడగడానికి మొహమాటపడకండి. వెళ్లేటప్పుడు రిపోర్ట్ కాగితం ఒక్కటే కాదు, ఎమ్మారై సీడీ కూడా పట్టుకెళ్లండి, కొవ్వు కోనస్ దగ్గరుందా ఫైలమ్‌లో ఉందా అనేది ఆ బొమ్మలు చూస్తేనే తేలుతుంది.